బన్నుపై మెరుగు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

కవిసమ్మేళనమునకు ముందు పావుగంట సేపు ఏదైన మాటలాడవలెనని కార్యదర్శిగారు నన్ను ఆదేశించినప్పుడు, ఏ ప్రబంధకవినిగూర్చియో ప్రసంగింపవలసి వచ్చునని భయపడితిని. “ఆ పనికి వేఱువారున్నారు. మీరు బన్నులనుగూర్చి చెప్పుడు” అని వారు సెలవిచ్చిరి. మీరు నవ్వుచున్నారు. నవ్వుటకు కారణము కలదు. రెండేండ్ల క్రిందటి ఉగాదినాడు ఈ మందిరములోనే బన్నుల మూలమున జరిగిన సంగతి మీలో చాలమంది ఎఱుగుదురు. ఎఱుగనివారికి నేనే చెప్పుదును. ఇతరులు చెప్పినచో నేను ఇంకను చెడ్డవాడనుగా కనబడుదును.

నేను రొట్టెలు కాల్చు వృత్తివాడను కాను. కార్యాలయములో జమాఖర్చుల దస్త్రములు చూచుకొను గుమాస్తాను. స్వస్థలము బందరు. మా చిన్ననాట మా యింట రొట్టె యనగా జ్వరపడినవాని పథ్యము. రొట్టె పొట్లము పట్టుకొని వీధిలో పోవుచున్నచో “ఎవరికి ఒంట్లో బాగులేదు?” అని ఎదురుపడినవారు అడుగుచుండిరి. అట్టివాడను సూరతునకు బదిలీమీద వచ్చి 11 సంవత్సరములైనది. అందు 7 సంవత్సరములుగా సంఘము ఫలాహారముల భారము నాపై ఉన్నది. 120 మంది వచ్చు సభకు ఇడ్లీలు వండుట మన వంటగది శక్తికి మించిన పని యని అనుభవముమీద తేలినది. అందుచేత బజారు బన్నును నడిమికి కోసి, వెన్న రాచి, గోంగూర పచ్చడి పూసి అతిథుల చేతికిచ్చు పద్ధతి ఏర్పడినది. గుజరాతీ మిత్రులు దీనిని మెచ్చుకొనిరి. దాబేలీ తిన్న నాలుకకు మెత్తని బన్నును పుల్లని పచ్చడియు క్రొత్త కాదు గదా!

చిక్కంతయు రూపములో వచ్చినది. సభ ఆదివారము. బన్నులు శనివారము సాయంకాలమే తెచ్చుకొనవలెను. తెచ్చినప్పుడు గుండ్రముగా, నిండుగా, పైన తేనెరంగుతో ఉన్న బన్ను, మఱునాటికి ప్లాస్టిక్ సంచిలో ముడుతలు పడి, కాంతి తప్పి, పండ్లూడిన ముసలివాని బుగ్గవలె కనబడును. రుచి అంతగా చెడదు. కాని దానిని పళ్ళెములో పెట్టి పెద్దల ముందుంచుటకు చేయి రాదు. ఇంటికి వచ్చిన అతిథికి చిరిగిన విస్తరిలో వడ్డింపము గదా!

ఇట్లెందుకగునని కొంత చదివి తెలిసికొంటిని. బన్ను కాలునప్పుడు లోపలి గుజ్జు తడిగాను, పైచర్మము పొడిగాను తయారగును. సంచిలో మూసియుంచినప్పుడు లోపలి తడి క్రమముగా పైకి ప్రాకి చర్మమును నానబెట్టును. బిగువుగా ఉండవలసిన తొడుగు సడలి ముడుతపడును. సూరతు తాపీనది ఒడ్డున, సముద్రమునకు చేరువగా ఉన్న ఊరు. ఇచటి గాలిలోని తేమ సంచి విప్పిన బన్నును కూడ ఊరకుండనీయదు. ఇది యొకటి. రెండవది, బన్ను గట్టిపడుట. ఎండిపోవుటచేతనే రొట్టె గట్టిపడునని మనము తలంతుము. అది సగము మాత్రమే నిజము. పిండిలోని స్టార్చి అను గంజిపదార్థము కాల్పుడు వేడికి తడిని పీల్చి, ఉబ్బి, మెత్తనగును. చల్లారిన పిదప ఆ పదార్థమే మరల దగ్గఱకు చేరి చిన్న చిన్న స్ఫటికములుగా బిగియును. తడి ఎక్కడికిని పోకున్నను రొట్టె గట్టిపడుటకు ఇదియే కారణము. ఈ బిగింపు ఫ్రిజ్‌లోని చలిలో మఱింత వేగముగా జరుగును. కనుక బన్నును ఫ్రిజ్‌లో దాచువారు దానికి మేలుచేయుచున్నామనుకొని దాని ముసలితనమును త్వరపెట్టుచున్నారు. ఒకటి రెండు దినములకైనచో బయట ఉంచుటయే మేలు. అంతకు మించి దాచదలచినచో ఫ్రిజ్‌లో మంచు గడ్డకట్టు అఱలో పెట్టవలెను.

ఇక సంతోషకరమైన మాట. సుమారు 60 డిగ్రీలు దాటిన వేడి తగిలినప్పుడు ఆ స్ఫటికములు కరగి రొట్టె మరల మెత్తనగును. నిన్నటి బన్నును నేటి బన్నుగా చేయు విద్య యింతే. అయితే రెండవసారి చల్లారినప్పుడు అది మునుపటికంటె త్వరగా బిగియును. కావున బన్నును వెచ్చచేయుట ఒక్కసారికే. అదియును వడ్డించుటకు కొంచెము ముందుగా.

మెత్తదనము తిరిగి వచ్చినది; వన్నె మాట యేమి? మాంసకృత్తుల అంశములును చక్కెరలును వేడిలో కలిసి గోధుమవన్నెను పుట్టించు విధమును 1912లో లూయీ కమీల్ మయ్యార్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. రొట్టెచర్మపు రంగునకు, ఆ కమ్మని వాసనకు మూలము అదియే. గ్రుడ్డులో మాంసకృత్తులున్నవి, పాలలో మాంసకృత్తులును చక్కెరయును రెండును ఉన్నవి. అందుచేతనే బేకరీవారు పిండిముద్ద బట్టీలోనికి పోకముందు దానిపై గ్రుడ్డునో పాలనో కుంచెతో పూయుదురు. గ్రుడ్డు పూసినచో అద్దమువంటి మెరుపు వచ్చును. పాలు పూసినచో వన్నె చక్కగా వచ్చును గాని మెరుపు తక్కువ. వెన్న పూసినచో చర్మము మెత్తబడి కొంతసేపు నిగనిగలాడి, పిమ్మట లోపలికి ఇంకిపోవును. పంచదార పాకము మెరయును గాని తేమగాలికి జిగటపట్టి, తినువారి వ్రేళ్ళకు అంటుకొనును, పిలువని చీమలను పిలుచును. ఒకమారు పాలలో చిటికెడు పసుపు కలిపి చూచితిని. దానినిగూర్చి చెప్పకుండుటయే మంచిది.

రొట్టె పైరూపము వేఱు, అందులో చేరిన సరకు వేఱు అను వివాదము ఈ ఊరికి క్రొత్త కాదు. ఇచట కొంత చరిత్ర చెప్పవలసియున్నది.

నాన్‌పురాలో డచ్చి రోడ్డు అను వీధి కలదు. మనలో పలువురు నిత్యము ఆ దారిన పోవువారే. డచ్చివారు 1616 ప్రాంతమున సూరతునకు వచ్చి వర్తకశాల నెలకొల్పుకొనిరి. అంతకు ముందే వారు మా బందరులో స్థిరపడియుండిరి. కోరమాండలు తీరపు అద్దకపు బట్టలును, సూరతు వస్త్రములును ఒకే సంస్థవారి ఓడలెక్కినవి. బందరువాడు సూరతులో కాపురముండుట ఈనాటి వింత కాదని చెప్పుటకు ఈ మాట యెత్తితిని. కతార్‌గామ్ వైపు పోయినచో వారి సమాధులు నేటికిని కానవచ్చును. మలబారు దేశపు మొక్కలనుగూర్చి పండ్రెండు సంపుటముల ‘హోర్టస్ మలబారికస్’ను సిద్ధపఱపించిన వాన్ రీడ్ సమాధి అందులోనిది, ఆయన 1691లో మరణించెను. పిమ్మట 1824 నాటి ఆంగ్ల-డచ్చి ఒడంబడిక ప్రకారము 1825లో ఇచటి వర్తకశాల ఆంగ్లేయుల వశమైనది.

వారు వెడలిపోయిరి, వారి రొట్టెబట్టీ మిగిలినది. సూరతువారు చెప్పుకొను కథ యిది. వర్తకశాలలోనివారికి రొట్టెలు కాల్చి యిచ్చుచుండిన డచ్చి దంపతులు దేశము విడుచునప్పుడు, తమవద్ద పనిచేయుచుండిన ఫరామ్‌జీ పెస్తన్‌జీ దోటివాలా అను పారసీకునికి బట్టీని అప్పగించిరట. డచ్చి రోడ్డులోని దోటివాలా బేకరీ తన పుట్టుకను 1861గా లెక్కించుకొనుచున్నది. 1825కును 1861కిని నడుమ 36 సంవత్సరములు కలవు. జమాఖర్చుల గుమాస్తాను గనుక ఆ తేడా నా కంటికి తగిలినది. వాడుకలోనున్న కథలకు అంతమాత్రము మినహాయింపు ఇయ్యవలసినదే.

ఆ రోజులలో పిండిని పొంగించుటకు నేటివలె ఈస్టు పొట్లములు లేవు. కల్లు కలుపుచుండిరి. కల్లులో సహజముగా పెరుగు ఈస్టు పిండిని పొంగించును. గోవాలో పావురొట్టెలును ఈ విధముగనే చేయుచుండిరి. కాలిన రొట్టెలో కల్లు కంటికి కనబడదు. మత్తు అసలే యుండదు. అయినను ఊరివారు ఆ రొట్టెను ముట్టలేదట. తమ నియమమునకు విరుద్ధమైన వస్తువు అందులో పడినదని వారికి తెలియును. తెలిసిన పిదప రొట్టె యెంత నిండుగా ఉన్ననేమి, ఎంత తెల్లగా ఉన్ననేమి? అమ్ముడుపోని రొట్టెలు దుకాణములో ఎండిపోయెను. విచిత్రమేమనగా, అవి త్వరగా చెడక కరకరలాడుచుండెను. చౌకగా ఇచ్చుచుండగా కొనువారు ఏర్పడిరి. సులభముగా జీర్ణమగునని వైద్యులు రోగులకు దానినే చెప్పుచుండిరట. ఈ అంశములో మా బందరును సూరతును ఒకటే. క్రమముగా దోటివాలా కల్లును మానివేసి, రొట్టెను కావలెననియే చిన్న ముక్కలుగా చేసి ఎండించి అమ్మసాగెను. దానికి ఇరానీ బిస్కట్టు అని పేరు వచ్చినది. నేటి సూరతు బతాసా ఆ వంశములోనిదే యందురు. మనవైపు బతాసా యనగా చక్కెరబిళ్ళ; ఇచట బతాసా యనగా టీలో ముంచుకొని తిను ఉప్పటి బిస్కట్టు. మేము వచ్చిన క్రొత్తలో నైవేద్యమునకు బతాసాలు తెమ్మని దుకాణమునకు పంపగా మా అబ్బాయి ఇవి తెచ్చి దేవుని ముందు పెట్టెను. స్వామికి ఆనాడు టీ మాత్రము లేకపోయెను.

ఈ కథలో నాకు నచ్చినది ఆ పారసీకుడు చేయని పని. కల్లు కలుపుటలేదని బొంకి, అదే రొట్టెను అమ్మియుండవచ్చును, ఎవరికి కనబడును? కథలో ఎక్కడను ఆయన అట్లు చేసినట్లు లేదు. కల్లునే మానుకొనెను. ఈ కథ నేను సూరతునకు వచ్చిన మొదటి యేటనే విని, మెచ్చుకొని, నలుగురికి చెప్పినవాడను. విని యుండియు నేను చేసిన పని యిప్పుడు వినుడు.

రెండేండ్ల క్రిందటి ఉగాదికి 120 బన్నులు ముందునాడే తెప్పించితిని. సంచులపై ఆకుపచ్చ చుక్క ఉన్నదా లేదా యని ఒక్కొక్క సంచినే చూచుకొంటిని. గోంగూర పచ్చడిలో వెల్లుల్లి వేయవలదని రెండుసార్లు హెచ్చరించితిని. మన అతిథులలో వైష్ణవులును జైనులును ఉందురని నాకు తెలియును. ఇంత జాగ్రత్తపడితిని. మధ్యాహ్నము రెండు గంటలకు సంచులు విప్పగా బన్నులన్నియు ముడుతలు పడి వెలవెలబోవుచుండెను. మా యింటి చిన్న ఓవెనును తెప్పించి, 6 కోడిగ్రుడ్లను కొంచెము పాలతో గిలకొట్టి, కుంచెతో పైన పూసి, నువ్వులు చల్లి, వాయికి 12 చొప్పున లోపల పెట్టితిని. ఒక్కొక్క వాయి బయటికి వచ్చుచుండగా నా సంతోషమునకు మేర లేదు. కార్యదర్శిగారు వచ్చి చూచి, “ఇవి మనము కొన్న బన్నులేనా?” అని అడిగిరి. ఆ మాట నాకు ఏ ప్రమోషను ఉత్తరువుకంటెను తియ్యగా వినబడినది.

సభకు మా పొరుగింటి బా వచ్చిరి. గుజరాతీలో బా యనగా అమ్మ. వీధివారందఱు ఆమెను అట్లే పిలుతురు. వయస్సు 78. వైష్ణవ కుటుంబము. మూడేండ్లుగా పిలుచుచున్నను మన సభకు వచ్చుట అదియే మొదటిసారి. పళ్ళెము అందుకొని, “ఇందులో ఈండా లేదు గదా, దీక్రా?” అని అడిగిరి. దీక్రా యనగా నాయనా అని. ఈండా యనగా గ్రుడ్డు. నేను ఒక్క క్షణమైనను ఆలోచింపక, బల్లక్రింద నున్న ఖాళీ సంచి తీసి ఆకుపచ్చ చుక్కను చూపితిని. కావలెనని అబద్ధమాడలేదు. గ్రుడ్డు పూసిన సంగతి ఆ నిమిషమున నా మనస్సునకు తోచనేలేదు. నా లెక్కలో బన్ననగా దుకాణములో కొన్నది. పైన పూసినది అలంకారము. లెక్క వ్రాయువాడు ఒక పద్దును మఱచుట యనగా ఇదియే.

బా సగము తినిరి. అంతట మా అమ్మాయి — అప్పుడు ఆఱవ తరగతి — నా చొక్కా పట్టుకొని, “నాన్నా, మనం పైన గుడ్డు పూశాం కదా!” అన్నది.

బాకు తెలుగు రాదు. నేను ఊరకుండినచో ఆ మాట అక్కడనే అణగిపోవును. ఊరకుందునా యని ఆలోచించితిని. ఆ ఆలోచన ఎంతసేపు సాగినదో చెప్పుటకు నాకు నేటికిని సిగ్గగుచున్నది. అమ్మాయి నా ముఖమువంకనే చూచుచుండెను. తుదకు చెప్పితిని.

బా కేకలు వేయలేదు. మిగిలిన సగమును పళ్ళెములో పెట్టి, కాగితముతో కప్పి, నీరు ఇమ్మనిరి. నోరు పుక్కిలించి వచ్చి, పిల్లల నృత్యము ముగియువఱకు కూర్చుండి వెడలిరి. మఱునాడు ఉపవాసమున్నారని కోడలిద్వారా తెలిసినది. సాయంకాలము వెళ్ళి క్షమాపణ కోరితిని. “సంచిమీద చుక్కను నేనును చూడగలను, దీక్రా. నేను అడిగినది నిన్ను” అని మాత్రము అనిరి.

పొట్లములమీది ఆకుపచ్చ చుక్కనుగూర్చి చట్టము చాల స్పష్టముగా ఉన్నది. మన దేశపు నిబంధనలు పాలను శాకాహారముగను, గ్రుడ్డును మాంసాహారముగను లెక్కించును. గ్రుడ్డు చేరిన వస్తువు సంచిపై ఆ చుక్క ఉండరాదు. నేను చూపిన సంచిలో దోషము లేదు; దానిని కట్టినవాడు నిజమే చెప్పినాడు. ఆ సంచి విప్పి నేను ఒక వస్తువు చేర్చితిని, చేర్చిన పిదప ఆతని మాటను నా మాటగా చూపితిని.

గ్రుడ్డుమీద నాకు వైరము లేదు. మా యింట తినుచున్నాము. ఇంటివారు తినువారైనచో, అతిథులకు అభ్యంతరము లేనిచో, గ్రుడ్డుకు మించిన మెరుగు మఱొకటి లేదు. అయితే ఒక హెచ్చరిక. బేకరీలో పిండిముద్దపై పూసిన గ్రుడ్డు ఆ రొట్టెతోపాటు పూర్తిగా ఉడుకును. కాలిన బన్నుపై మనము పూసినది రెండు నిమిషములు వెచ్చచేసినంతమాత్రమున ఉడకదు. పచ్చిగ్రుడ్డులో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులుండుట కలదు. పూత పూర్తిగా బిగిసి, తడి యనునది లేకుండ ఆరువఱకు కాల్చవలెను.

ఆ సంఘటన పిదప కార్యవర్గములో కొందఱు అసలు బన్నులే వద్దనిరి. మఱికొందఱు, “ముడుతపడిన నేమి? తినుటకే గదా!” అనిరి. ఈ రెండవ వాదమునకు నేను ఒప్పుకొనలేదు, ఇప్పటికిని ఒప్పుకొనను. మనము పరాయి ఊరిలో ఉద్యోగములు చేసికొనుచు, ఏడాదికి ఒకటి రెండుసార్లు ఇరుగుపొరుగులను పిలుచువారము. మన పద్యములు వారికి అర్థము కావు, మన ఉపన్యాసములు అంతకంటెను కావు. మనము వారికొఱకు శ్రద్ధపడితిమని వారికి కనబడునది ఆ పళ్ళెములోనే. రూపము వ్యర్థమని చెప్పువారు తమ యింటి పెండ్లికి నలిగిన ధోవతి కట్టుకొని వత్తురా?

ఉపాయము ఆ ధోవతివైపునుండియే వచ్చినది. లింబాయత్, ఉధ్నా ప్రాంతములలో వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ వైపునుండి వచ్చి మరమగ్గములపై బ్రదుకుచున్న పద్మశాలీ కుటుంబములు మీరెఱుగనివి కావు. మన సభలకును కొందఱు వత్తురు. వారిలో ఒక వృద్ధురాలు, స్వగ్రామములో చేతిమగ్గపు పని యెఱిగినది, నా కథ యంతయు విని, “గుడ్డు పూయకుంటే మెరవదా బిడ్డా? నూలుకు గంజి వెట్టినట్టు దీనికీ వెట్టుండ్రి” అన్నది.

నేను నవ్వితిని. ఇంటికి పోయి ఆలోచించిన పిదప నవ్వు ఆగిపోయెను. పడుగునూలుకు గంజి పెట్టనిదే మగ్గము సాగదు. గంజి పోగుచుట్టు పలుచని పొరగా ఆరి, నూగును అణచి, పోగుకు బిగువును నునుపును ఇచ్చును. నూలుచీరకు గంజిపెట్టి ఇస్త్రీ చేసినప్పుడు వచ్చు నిగనిగ అదియే. ఈ సూరతులో మగ్గమునుండి దిగిన బట్ట యెట్లుండునో చూచితిరి గదా! కాంతి లేక, ముడుచుకొని, ఎవరును కొనరు. పాండేసరాలోని మిల్లులలో రంగులు, మెరుగులు దిద్దిన పిదపనే దుకాణమెక్కును. లోపల గట్టిపడి బన్నును పాడుచేసిన గంజిపదార్థమే పైన పలుచగా పూసినచో దానిని కాపాడునన్నమాట! తరువాత విచారింపగా, ఐరోపాలో రై రొట్టెలకు స్టార్చి గంజి పూసి మెరుగుపెట్టుట బేకరీవారికి తెలిసిన పద్ధతియే యని తేలినది. నాకు మాత్రము లింబాయత్ అవ్వయే గురువు.

పద్ధతి చెప్పెదను, వ్రాసికొనదలచినవారు వ్రాసికొనవచ్చును. ఒక చెంచా, అనగా సుమారు 3 గ్రాముల కార్న్‌ఫ్లోర్‌ను రెండు చెంచాల చన్నీటిలో ఉండలు లేకుండ కలిపి, 100 మిల్లీలీటర్ల మరుగు నీటిలో పోసి, కలియబెట్టుచు రెండు నిమిషములు ఉడికింపవలెను. పాలవలె నున్న నీరు తేటపడి చిక్కనగును. గంజి ఉడికినదనుటకు అదియే గుర్తు. తేటపడకముందే దించినచో ఆరిన పిదప బన్నుపై తెల్లని పొడి తేలును. మొదటిసారి నాకు అట్లే అయినది. బన్నులన్నియు విభూతి పెట్టుకొన్నట్లుండెను. అన్నము వార్చిన గంజియు వడగట్టి వాడుకొనవచ్చును గాని మెరుపు కొంచెము మందముగా ఉండును. వన్నె కావలెనన్నచో అరచెంచా బెల్లము అందులో కరగింపవచ్చును. అంతకు మించరాదు; చీమల సంగతి ముందే మనవిచేసితిని.

బన్నులను సంచినుండి తీసి పావుగంటసేపు ఆరనిచ్చి, కుంచెతో పలుచగా గంజి పూయవలెను. తడి ఆరకముందే నువ్వులు చల్లినచో అంటుకొని రాలిపోవు. నువ్వులు పడనివారు కొందఱుందురు గనుక ఒక పళ్ళెము నువ్వులు లేక వేఱుగా ఉంచుట మేలు. ముందుగా వేడియెక్కిన ఓవెనులో 160 డిగ్రీలవద్ద 5 లేక 6 నిమిషములు ఉంచి, తీసిన వెంటనే వేడి బన్నుపై రెండవసారి పలుచగా పూయవలెను. ఆ వేడికే అది ఆరి మెరయును. ముడుతలు పూర్తిగా పోవు. సగమునకు పైగా సర్దుకొనును.

ఓవెను లేనివారు విచారింపనక్కఱలేదు. మందపాటి గిన్నెను ఖాళీగా వేడిచేసి, అడుగున కుదురు పెట్టి, దానిపై పళ్ళెములో బన్నులుంచి, మూత కొంచెము ఓరగా వేసి, సన్నని సెగపై 5 నిమిషములు ఉంచిన చాలును. మూత పూర్తిగా మూసినచో ఆవిరి నీటిబొట్లయి బన్నులపై పడి మచ్చలగును. మైక్రోవేవులో పెట్టినచో బన్ను క్షణములో మెత్తనగును గాని, చల్లారునప్పటికి తోలువలె సాగును. ఇక బూజు కనబడిన బన్నుకు ఏ మెరుగును వద్దు. ఆ సంచినంతయు పారవేయవలెను.

గ్రుడ్డంత మెరుపు వచ్చునా యని అడుగుదురు. రాదు. నా లెక్కలో గ్రుడ్డు రూపాయి యైనచో గంజి పదిపండ్రెండణాలు. చాలునని నా అభిప్రాయము.

ఒక్క మాట దుకాణపు బన్నునుగూర్చియు చెప్పవలసియున్నది. బన్ను ఎత్తుగా పొంగుటకు, గుజ్జు తెల్లగా సన్నని అల్లికతో వచ్చుటకు పిండిలో పొటాసియం బ్రోమేటు కలుపు అలవాటు ఒకప్పుడు మన దేశములో ఉండెను, చట్టమును అనుమతించుచుండెను. 2016 మే నెలలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వారు 38 రకముల రొట్టెలను, బన్నులను, అట్టి వస్తువులను పరీక్షించి, నూటికి 84 వంతులలో బ్రోమేటు, అయొడేటు జాడలు కలవని ప్రకటించిరి. బ్రోమేటు మనుష్యులకు క్యాన్సరు కలిగింపవచ్చునని అనుమానింపబడిన పదార్థములలోనిది. ఆ జూన్ నెలలోనే ఆహార ప్రమాణాల సంస్థ దానిని అనుమతింపబడిన పదార్థముల పట్టికనుండి తొలగించినది. అంతకుముందు ఎన్ని సంవత్సరములు మనము ఆ నిండుతనమును చూచి మంచి బన్నని కొంటిమో! సంచిమీద చేరికల పట్టిక ఉన్నచోట చదువుకొనవచ్చును. విడిగా అమ్ము బన్నునకు పట్టిక లేదు, అడుగుటయే మార్గము. నేను ఇప్పుడు అడుగుచున్నాను. పైన పూసినది పాలా, గ్రుడ్డా యని అడిగినప్పుడు దుకాణదారులు విసుగుకొనుట నేను చూడలేదు. ఇచట ఆ ప్రశ్న వారికి నిత్యము వినబడునదే.

బా సంగతి ముగించి సెలవు తీసికొందును. ఆ యేటి శరత్పూర్ణిమ మఱునాడు, చందీ పడవోకు, ఎప్పటివలెనే వారి యింటినుండి ఘారీలు వచ్చినవి. లెక్కకు ఒక్కటియు తగ్గలేదు. నిరుటి ఉగాదికి పిలువగా వచ్చి, అరటిపండు మాత్రము పుచ్చుకొనిరి. నేను బలవంతపెట్టలేదు. ఈనాడు నాలుగు గంటలకు ఎవరును పిలువకయే వంటగదిలోనికి వచ్చి, కార్న్‌ఫ్లోర్ పొట్లమును తిరుగవేసి చూచి, గంజిగిన్నెపై వంగి వాసన చూచి, “కుంచె క్రొత్తదేనా?” అని అడిగిరి. క్రొత్తదే. పాతదానిని ఆ యేడే పారవేసితిని. అయినను బా అడుగువఱకు ఎవరును ఆ ప్రశ్న నన్ను అడుగలేదు.

వారు మూడవ వరుసలో కూర్చున్నారు. నేను బా యన్నప్పుడెల్ల తలయెత్తి చూచుచున్నారు. ఈ సాయంకాలము తిందురో, అరటిపండే తీసికొందురో నాకు తెలియదు. టీ సిద్ధమైనదని గుమ్మమువద్దనుండి సైగచేయుచున్నారు. పచ్చడిలో ఈసారియు వెల్లుల్లి లేదు. కావలెననువారికి వేఱొక గిన్నెలో ఉన్నది, దానిపై చీటీ అంటించితిని. చీటీ చాలదనువారు నన్ను అడుగవచ్చును.